ఆరో మెట్టు

నంద్యాల,
9 ఫిబ్రవరి 2005.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు జీవమ్మకు,

నీ అన్న గురవయ్య వందనాలు. మీ ఊళ్లో సువార్త కూటాలు ముగించుకొని సోమవారం మొదటి బస్సుకే వచ్చి నేరుగా ఆఫీసుకు పోయాను. మూడు రోజులు అరిచిన గొంతు ఇంకా దారికి రాలేదు. మీ వదిన సువార్తమ్మ మిరియాల కషాయం చేతికిస్తూ, "మైకు పెట్టినారు గదా, ఇంగా అరిచేదెందుకు? దేవునికేమన్నా చెవుడా?" అంటోంది. చెవుడు దేవునికి కాదు, మనుషులకు. అందుకే అరవాలి.

శుక్రవారం నేను ప్రసంగంలో చెప్పిన కంటికి కనబడని కావలివాడు ఎవరని నువ్వు అడిగావు. అన్నాలు వడ్డించే గోలలో చెప్పలేకపోయాను. ఇప్పుడు విను.

నూనెపల్లెలో బట్టల కొట్టు మీద మా ఆఫీసు. యజమాని అజయ్ కుమార్, హైదరాబాదులో చదువుకొని వచ్చినవాడు. ముగ్గురు కూర్చుని ప్రోగ్రాంలు రాస్తారు. వాళ్లు రాసినదానిలో తప్పులు వెతకడం నా పని. ఇంటర్ తప్పినవాణ్ని, రెండు భాషల బైబిలు పక్కపక్కన పెట్టుకొని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ని, నన్ను నమ్మి ఈ పని ఇచ్చాడంటే అది కృప కాక ఏమిటి?

ఇప్పుడు మేము తయారుచేసింది రక్తపరీక్ష మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రాం. వచ్చే నెల మీ డాక్టర్ కమలాక్షమ్మగారి ఆసుపత్రికీ వస్తుంది. నువ్వే దాని ముందు కూర్చుంటావు. రోగి పేరు కొడతావు, మిషన్ హిమోగ్లోబిన్ చూస్తుంది, అంకె కంప్యూటర్‌లోకి వచ్చి చీటీ మీద అచ్చవుతుంది. అంతే.

కంప్యూటర్ మెమరీ అంటే మీ వార్డు అనుకో. మనిషి వస్తే ఒక మంచం ఇస్తారు, పోతే ఖాళీ చేస్తారు. పాత రోగి కాగితం మంచానికి వేలాడుతుండగానే కొత్త రోగి వచ్చి పడుకుంటే? ఒకరి మందు ఇంకొకరి గొంతులోకి పోతుంది. ప్రోగ్రాంలోనూ ఈ ప్రమాదం ఉంది, మామూలుగా నడిపితే అది కనబడదు. అందుకని మెమరీ తనిఖీ ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. మా ప్రోగ్రాంను దాని కాపలా కింద నడిపిస్తాం. ప్రతి మంచం దగ్గరా అది నిలబడి చూస్తుంది. ఖాళీ చేసిన మంచం వైపు ఎవరు తొంగి చూసినా పట్టుకొని, ప్రోగ్రాంలో ఏ వరుసలో తప్పు జరిగిందో రాసి పెడుతుంది.

పరీక్షకు ఏడు మెట్లు. ప్రోగ్రాం తెరవడం, ఒక పేరు నమోదు, రక్తం చదవడం, ఆ పేరు రద్దు, ఇంకో పేరు నమోదు, మళ్లీ చదవడం, చీటీ అచ్చు. ఏడూ మధ్యలో ఆపకుండా ఒకే నడకలో పోవాలి. మెట్టు మెట్టుగా విడదీసి చూస్తే అందరూ నీతిమంతులే. ఐదు నిమిషాల పనికి తనిఖీ కింద రెండున్నర గంటలు పడుతుంది. శుక్రవారం మీ కూటానికి నాలుగు గంటల బస్సు అందుకోవాలి, మూడున్నర దాకా అది తేలలేదు. దేవుడు చెయ్యి పట్టుకున్నాడు. చివరికి "తప్పులు సున్నా" అని కాగితం వచ్చింది. సంతకం పెట్టి పరుగెత్తాను.

ఆ పరుగు మీదనే వేదిక ఎక్కి, దొంగసొత్తును గుడారం నేల కింద పాతిపెట్టినవాణ్ని కూడా దేవుడు బయటికి ఈడ్చాడని చెప్పాను. ముందు వరుసలో నువ్వు కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ కన్నీరు వృథా పోనివ్వకు.

ప్రభువు సేవలో,
నీ అన్న,
గురవయ్య


ఆళ్లగడ్డ,
20 మార్చి 2005.

అన్నకు వందనాలు.

నీ మిషన్ వచ్చింది. డాక్టరమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. నేను పక్కన నిలబడి మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఇద్దరిలో ఎవరి మాట విన్నదో గానీ బాగా నడుస్తోంది.

పదహారేళ్లుగా నేను రక్తం చుక్క గాజుగొట్టంలో వేసి, రంగు పోల్చి అంకె చెప్పేదాన్ని. రోజుకు ఇరవై మంది వస్తే కళ్లు లాగేవి. ఇప్పుడు నలభై మంది వచ్చినా మధ్యాహ్నానికి అయిపోతోంది. డాక్టరమ్మ గొట్టాలన్నీ అట్టపెట్టెలో పెట్టి అటక మీద వేయించింది. "జీవమ్మా, నీ కండ్లకు రిటైర్‌మెంటు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కండ్లు పోయాక మనిషి ఎన్నాళ్లు ఉంటుందో చెప్పు.

ఇది మా అన్న పరీక్ష చేసిన మిషన్ అని అందరికీ చెప్పుకుంటున్నాను. కాంపౌండరు అడిగాడు, "మీ అన్న పాస్టరు గదమ్మా, మిషన్లకు గూడా బాప్తిస్మం ఇస్తాడా?" అని. వాడికి చీవాట్లు పెట్టాను.

ఒక చిన్న మాట. పోయిన వారం ఒకామె రక్తం చదివాక, పేరు తప్పు కొట్టానని చూసుకొని రద్దు చేశాను. తర్వాత ఇంకో పెద్దాయన పేరు కొట్టి రక్తం పెట్టాను. చీటీ మీద ముందు ఆమెకు వచ్చిన అంకె వచ్చినట్టు అనిపించింది. ఇద్దరికీ ఒకటే అంకె రాకూడదని లేదు. కానీ ఆ పెద్దాయన మనిషి చూస్తే అట్లా లేడు. ఇది నా కండ్ల తప్పా, మిషన్‌లో ఏమైనా ఉందా? నువ్వు చూసినదే కదా, నువ్వే చెప్పు.

నా బిడ్డ జెస్సికాకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడినాయి. దాని కోసం ప్రార్థించు.

నీ చెల్లెలు,
జీవమ్మ


నంద్యాల,
24 మార్చి 2005.

ప్రియమైన చెల్లెలు జీవమ్మకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. పోయిన ఆదివారం బండి ఆత్మకూరు దగ్గర ఒక ఊళ్లో వాక్యం చెప్పాను. పందిరి లేదు, ఎండ. ఒక్కరూ లేవలేదు. ఇద్దరు తాగుబోతులు సీసాలు తెచ్చి నా కాళ్ల దగ్గర పగలగొట్టారు. మీ వదిన ఆ గాజు పెంకులు ఏరుతూ, "మాన్పించినావు సరే, ఊడ్చేదెవరు?" అని గొణిగింది. జెస్సికాకు చెప్పు, భయపడవద్దని. జ్ఞానం కొరవడినవాడు అడగాలి, ఇచ్చేవాడు చెయ్యి ముడుచుకోడు.

మిషన్ సంగతి. నీ కండ్ల తప్పే. రోజుకు నలభై మంది అంటున్నావు, అలసట వస్తుంది. ఏడు మెట్లూ చూసి సంతకం పెట్టినవాణ్ని నేను. మనిషికి పక్షపాతం ఉంటుంది, మిషన్‌కు ఉండదు. ఇకమీదట నీ కండ్లకూ చీటీకీ తగాదా వస్తే చీటీనే నమ్ము. అనుమానం విశ్వాసానికి చెద.

ఇంకేమీ లేదు.

గురవయ్య


ఆళ్లగడ్డ,
2 మే 2005.

అన్నా,

వందనాలు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అహోబిలం అవతల చెంచుగూడెం నుంచి బయ్యమ్మ అని ఒక పిల్ల వస్తుండేది. ఎనిమిదో నెల. మొదటి కాన్పు. మొగుడు పెద్దన్న, మాట తక్కువ మనిషి. ఏప్రిల్ ఇరవై ఒకటిన తీసుకొచ్చాడు. "నడిస్తే ఆయాసపడతాంది, అమ్మా," అన్నాడు. కనురెప్ప కింద చూస్తే తెల్లటి గుడ్డలా ఉంది. నాలుక, గోళ్లు, అన్నీ అంతే.

ఆమెకు ముందు బడి పంతులమ్మ ఒకామె వచ్చింది. రక్తం చదివాక చూస్తే ఆమె వయసు తప్పు కొట్టాను, తర్వాత మళ్లీ కొడదామని రద్దు చేశాను. తర్వాత బయ్యమ్మ పేరు కొట్టాను. చీటీ వచ్చింది. పదకొండు పాయింట్ ఎనిమిది.

నాకు నమ్మబుద్ధి కాలేదన్నా. అటక మీది గాజుగొట్టం దించి ఒకసారి చూద్దామా అనుకున్నాను. స్టూలు కూడా లాక్కున్నాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, చీటీనే నమ్మమన్నావు. స్టూలు మళ్లీ గోడకు పెట్టి చీటీ డాక్టరమ్మకు ఇచ్చాను. "పిల్ల పాలిపోయి ఉండాదమ్మా," అన్నాను. డాక్టరమ్మ చీటీ చూసి, "పదకొండు పైన ఉండాది గదా, ఎండకు నడిచొచ్చింది, అదే ఆయాసం," అని మాత్రలు రాసి పంపేసింది.

ఇరవై ఏడున గూడెంలోనే నొప్పులొచ్చినాయి. నెత్తురు ఆగలేదు. అడవి శాఖ జీపులో వేసుకొని మా దగ్గరికి తెచ్చారు, మేము నంద్యాలకు పంపాము. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. బయ్యమ్మకు మూడు సీసాల రక్తం ఎక్కించారు, ఇంకా మంచం మీదే ఉంది.

నంద్యాల డాక్టరు మా డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఇది ఒక్కరోజు నెత్తురు పోయిన మనిషి కాదు, నెలల నుంచి రక్తం లేని మనిషి, పదకొండు అని చీటీ ఇచ్చింది ఎవరని అడిగాడంట. డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. "పంతులమ్మ ట్యూబు, ఈ పిల్ల ట్యూబు తారుమారు చేసినావు," అంది. నేను చేయలేదు అన్నాను. "మరి మిషన్ చేసిందా?" అంది.

ఏం చెప్పేది? నీ మిషన్ కదా. పని పోతుంది అంటున్నారు. పని పోతే పోనీ, ఇంకే ఆసుపత్రిలోనూ చేర్చుకోకుండా రాస్తానంది. జెస్సికాను చదివించేది ఈ చేతులే. నిజంగా నేనే మార్చానా అన్నా? ఆ రోజును తలలో మళ్లీ మళ్లీ నడుపుకుంటున్నాను. ట్యూబులు మార్చినట్టు ఎక్కడా కనబడలేదు.

జీవమ్మ


నంద్యాల,
6 మే 2005.

చెల్లెలా,

నీ ఉత్తరం చదివి మోకాళ్ల మీద పడ్డాను. ఒక తల్లి ఒడి ఖాళీ అయింది. ఇది చిన్న సంగతి కాదు.

నీకు ధైర్యం చెప్పాలని ఉంది. కానీ ధైర్యం చెప్పేవాడు అన్న, సత్యం చెప్పేవాడు సేవకుడు. నేను సేవకుడిగా రాస్తున్నాను. నిన్ను నువ్వు పరీక్షించుకో. మనిషి హృదయం అన్నిటికంటే మోసకరమైనది, దాని అడుగు మనకే తెలియదు. "నేను చేయలేదు" అనేది మొదటి పాపం జరిగిన తోట నుంచీ మనిషి నోట ఉన్న మాటే. అలసిపోయిన చెయ్యి ఒక్క క్షణం తప్పి ఉండవచ్చు. నీకు గుర్తు లేకపోవడం నువ్వు చేయలేదనడానికి సాక్ష్యం కాదు.

తప్పు కప్పుకున్నవాడు వర్ధిల్లడు. ఒప్పుకున్నవాడికి కనికరం ఉంది. మనుషుల ముందు ఒప్పుకో. డాక్టరమ్మ ముందు ఒప్పుకో. నీ ఎముకలలో ఉన్న మంట అప్పుడు ఆరుతుంది.

మిషన్ మాట ఎవరితోనూ ఎత్తవద్దు. సాకులు వెతికినట్టు ఉంటుంది.

ప్రార్థిస్తున్నాను.

గురవయ్య


ఆళ్లగడ్డ,
16 మే 2005.

అన్నా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

నిన్న ఆరాధనలో సాక్ష్యాల సమయంలో నిలబడ్డాను. బయ్యమ్మ రక్తం, ఇంకొకామె రక్తం నేను మార్చానని, అందువల్ల ఒక బిడ్డ పోయాడని చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. కూర్చున్నాక నా పక్కనున్న ప్రసన్నకుమారి కొంచెం జరిగి కూర్చుంది. ఎండాకాలం, గాలి కోసం జరిగిందేమో.

ఈ పొద్దు డాక్టరమ్మకు రాసి ఇచ్చాను. నా అజాగ్రత్త వల్ల జరిగిందని రాసి సంతకం పెట్టాను. ఆమె చదివి, బీరువాలో పెట్టి తాళం వేసింది. "రేపటి నుంచి రావద్దులే," అంది. కోపంగా అనలేదు.

బయటికి వస్తే మెట్ల మీద పెద్దన్న కూర్చుని ఉన్నాడు. బయ్యమ్మకు మందులు తీసుకుపోవడానికి వచ్చాడంట. అతనికీ చెప్పాను, నేనే మార్చాను నాయనా అని. నా ముఖం చూడలేదు. "నువ్వు ఆ పొద్దు పిల్ల పాలిపోయింది అని చెప్తాంటే విన్యా గదమ్మా. తెలిసినదానివి ఎట్ల మార్చినావు?" అన్నాడు.

ఎముకల మంట ఆరుతుందన్నావు. ఆరలేదన్నా. ఒప్పుకున్నాక ఇంకా ఎక్కువైంది. నేను సరిగా పశ్చాత్తాపపడలేదేమో. ఇంకా ఏం చేయాలో రాయి.

జీవమ్మ


నంద్యాల,
18 మే 2005.

జీవమ్మా,

ఆ కాగితం వెనక్కి తీసుకో. ఎవరినైనా తోడు తీసుకొని పోయి అడుగు. సంతకం నీది కాదని చెప్పినా సరే. కారణం తర్వాత రాస్తాను.

గురవయ్య


ఆళ్లగడ్డ,
20 మే 2005.

అన్నా,

రెండు వారాల కిందట ఒప్పుకో అన్నావు. ఇప్పుడు సంతకం నాది కాదని అబద్ధం చెప్పమంటున్నావు. నువ్వు నాకు ఇట్లాంటి మాట ఎప్పుడూ రాయలేదు.

కారణం ఏంది? నేను చదువు తక్కువదాన్నే గానీ, నువ్వు దాస్తే తెలియనంత పరాయిదాన్ని కాదు. ఈ పొద్దే రాయి.

జీవమ్మ


నంద్యాల,
29 మే 2005.

చెల్లెలా జీవమ్మా,

ఈ ఉత్తరంలో వాక్యం ఏదీ రాయను. రాస్తే దాని చాటున దాక్కుంటాను. నాకు అది అలవాటు.

ఫిబ్రవరి నాలుగు, శుక్రవారం. ఏడు మెట్ల పరీక్ష మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టాను. రెండున్నరకు అయిపోయింది. తనిఖీ ప్రోగ్రాం ఆరో మెట్టు దగ్గర తప్పు చూపింది. రద్దు చేసి ఖాళీ చేసిన చోటును మా ప్రోగ్రాం మళ్లీ చదువుతోందని, ఏ వరుసలోనో కూడా రాసింది. అంటే రద్దు చేసిన మనిషి అంకె, తర్వాత వచ్చిన మనిషికి పోవచ్చు. నీకు వార్డు మంచం ఉపమానం రాశానే, అది నేను ఊహించి చెప్పింది కాదు. ఐదు రోజుల ముందు నా కండ్లతో చూసింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తనిఖీ ప్రోగ్రాం మనవి కాని తప్పులు కూడా చూపిస్తుంది. ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాంలోవి, ఇంకెవరో రాసినవి. వాటిని ఒక జాబితాలో రాసి పెడితే, తర్వాత నుంచి వాటిని పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఆ జాబితాలో అప్పటికే ఇరవై రెండు వరుసలు ఉన్నాయి. ఈ కొత్తది మనదా, బయటివాళ్లదా తేల్చాలంటే రాసిన పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని, మళ్లీ రెండున్నర గంటలు నడపాలి. బస్సు నాలుగింటికి. మీ కూటం పోస్టర్ల మీద నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

ఇది కూడా ప్రింటర్ బాపతే అయి ఉంటుంది అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. జాబితాలో ఇరవై మూడో వరుసగా దాన్ని రాశాను. ఏడూ కలిపి నడిపేందుకు సమయం లేదు గనుక మెట్లు విడదీసి ఆఫీసులోని కంప్యూటర్లన్నిటి మీదా ఒకేసారి నడిపాను. విడదీస్తే ఆ తప్పు పుట్టదు. తప్పులు సున్నా అని వచ్చింది. ఏడు మెట్లూ ఒకే నడకలో చూశానని రాసి సంతకం పెట్టాను.

మార్చిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు అర్థమైంది. అర్థమై కూడా నీ కండ్ల తప్పు అని రాశాను. మేలో పంతులమ్మ పేరు రద్దు చేశానని రాశావే, ఆ వరుస చదివినప్పుడు అదే తప్పని ఖాయమైంది. తెలిసి ఏం చేశాను? నిన్ను ఒప్పుకోమన్నాను. నువ్వు ఒప్పుకుంటే ఇక ఎవరూ మిషన్ వైపు చూడరని నాలో ఒకడు లెక్క వేశాడు. వాడు ఎవరో కాదు, నేనే. నువ్వు ట్యూబులు మార్చలేదు. నీ చెయ్యి తప్పలేదు. నీ కండ్లు కూడా తప్పలేదు.

నిన్న ఆఫీసుకు పొద్దున్నే పోయి, ఆ ఇరవై మూడో వరుస కొట్టేసి, ఏడు మెట్లూ ఒకే నడకలో నడిపాను. ఐదో మెట్టులో బయ్యమ్మ పేరు కొట్టాను. పక్కనే కూర్చున్నాను, రెండున్నర గంటలు. ఆరో మెట్టు దగ్గర అదే మాట. ఏడో మెట్టులో చీటీ బయటికి వచ్చింది. దాని మీద ముందు కొట్టిన పేరుకు వచ్చిన అంకె ఉంది.

అజయ్ కుమార్‌కు చూపించాను. తలుపు వేశాడు. "అన్నా, పదకొండు ఆసుపత్రులన్నా. ఇప్పుడు చెప్తే ఆఫీసుకు తాళమే. తప్పు సరిచేసి, కొత్తది వచ్చిందని చెప్పి అందరికీ పెట్టేద్దాం. ఎవరికీ తెలీదు," అన్నాడు.

"నేనూ ఫిబ్రవరిలో అట్లే అనుకున్నానప్పా," అన్నాను.

"మీరు దేవుని మనిషి గదా, క్షమించడం తెలీదా?" అన్నాడు. పాపం, భయపడి అన్న మాట.

ఆ చీటీ, తనిఖీ ప్రోగ్రాం రాసిన కాగితం, నేను నా చేతితో రాసిన వాంగ్మూలం ఈ కవరులో ఉన్నాయి. ఇవి డాక్టరమ్మకు ఇవ్వు. మిగిలిన పది ఆసుపత్రులకు నేనే రిజిస్టర్డ్ పోస్టు చేశాను. రద్దు మీట నొక్కితే ప్రోగ్రాం మొత్తం మూసి, మళ్లీ తెరిచేదాకా ఎవరి పేరూ కొట్టవద్దని, ఇప్పటిదాకా ఇచ్చిన చీటీలు వెనక్కి చూసుకోమని రాశాను. సాయంత్రం అజయ్ నా కుర్చీ ఖాళీ చేయమన్నాడు. చేశాను.

వచ్చే ఆదివారం ఆళ్లగడ్డ వచ్చి, నువ్వు నిలబడిన చోటే నిలబడి ఇదంతా చెబుతాను. నన్ను క్షమించమని అడగను. అడిగే హక్కు లేదు.

గురవయ్య


ఆళ్లగడ్డ,
3 జూన్ 2005.

గురవయ్యన్నకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి పొయ్యిలో వేద్దామనుకున్నాను. మూడోసారి చదివి చీర మార్చుకొని ఆసుపత్రికి పోయాను.

డాక్టరమ్మ కాగితాలన్నీ చదివింది. బీరువా తాళం తీసి నా కాగితం బయట పెట్టి, "నువ్వు చేయని తప్పును ఎందుకు ఒప్పుకున్నావు జీవమ్మా?" అంది.

"మా అన్న చెప్పినాడు," అన్నాను.

ఆమె నా కాగితం నా వైపు జరిపి, "పిల్ల పాలిపోయిందని నువ్వు చెప్పినావు. నేనే చీటీ చూసినాను, పిల్లను చూడలేదు," అంది. రేపటి నుంచి రమ్మంది. అటక మీది గాజుగొట్టాలు దించితే వస్తానన్నాను. అక్కడే నిలబడి కాంపౌండరు చేత దింపించింది. నా కాగితం చింపమంది, చింపలేదు. తెచ్చుకొని ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను. ఎవరు ఏం చెప్పినా ముందు నా కండ్లతో చూసుకోవాలని గుర్తు ఉండడానికి.

నీ సంగతి. ఆదివారం మందిరానికి వచ్చి చెబుతానన్నావు. రావద్దు. నీకు అది కష్టం కాదన్నా. నువ్వు మైకు ముందు పుట్టినవాడివి. నిలబడి రెండు మాటలు చెబుతావు, మూడో మాటకు గొంతు పెరుగుతుంది, నాలుగో మాటకు ఆడవాళ్లు కొంగులు తీస్తారు. వెళ్లేటప్పుడు నీ చేతులు పట్టుకొని, ఎంత దీనుడివయ్యా అంటారు. నేను నిలబడినప్పుడు నా పక్కనున్నది జరిగి కూర్చుంది. నీకట్లా జరగదు. మందిరంలో నా సంగతి నేనే చెప్పుకుంటాను.

నువ్వు గూడేనికి పో. బయ్యమ్మ మొన్ననే ఇంటికి వచ్చింది. అహోబిలం దగ్గర దిగి నడవాలి, పెద్దన్న ఇల్లు ఎవరైనా చూపుతారు. నేను తోడు రాను. బైబిలు సంచీలోనే ఉంచు, పాట పాడవద్దు, ప్రార్థన చేస్తానని అనవద్దు. జరిగింది జరిగినట్టు చెప్పు. వాళ్లు తిడితే విను. కొడితే నిలబడు.

నేను నిన్ను క్షమించానా లేదా అని నువ్వు అడగలేదు. మంచిదైంది. నాకు తెలియదు.

జెస్సికా పాసైంది.

జీవమ్మ


నంద్యాల,
7 జూన్ 2005.

చెల్లెలు జీవమ్మకు,

నిన్న పోయి వచ్చాను. బైబిలు ఇంట్లోనే పెట్టి పోయాను. దారంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దన్న ఇంటి ముందు కూర్చుని విస్తళ్ల కోసం అడ్డాకులు దారానికి గుచ్చుతున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. మీ చీటీ మీద వచ్చింది ఇంకొకామె అంకె అని, జీవమ్మ ఏమీ మార్చలేదని, ప్రోగ్రాంలో తప్పు ముందే నాకు కనబడిందని, నేను దాన్ని దాచి బాగుందని సంతకం పెట్టానని. రెండుసార్లు గొంతు పెరగబోయింది. ఆపుకున్నాను.

అతను ఆకులు పక్కన పెట్టాడు. "ఎందుకు దాచినావు?" అన్నాడు.

"బస్సు పోతుందని."

"యాడికి పోవాల బస్సు?"

"ఆళ్లగడ్డకు. దేవుని మాట చెప్పేదానికి."

అతను నవ్వలేదు, తిట్టలేదు. నేను తిట్టుకు సిద్ధపడి పోయాను, ఆ తిట్టు కూడా దక్కలేదు. "చెప్పినావా?" అన్నాడు.

"చెప్పినా."

"సరే," అని మళ్లీ ఆకులు చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా గుడిసె లోపల పడుకున్న బయ్యమ్మ లేచి గుమ్మం పట్టుకొని వచ్చింది. అంతా విన్నట్టుంది. ఇంకా నిలబడే ఓపిక లేదు. పెద్దన్న, "నువ్వెందుకు లేస్తివి?" అంటే వినలేదు. నన్ను చూసి అడిగింది.

"అయ్యా, నా చీటీ మీద పడింది ఇంకో ఆయమ్మ నెత్తురంటివి గదా. మరి ఆయమ్మ చీటీ మీద ఎవుర్ది పడిండాదో? ఆయమ్మ బాగుండాదా?"

జీవమ్మా, ఫిబ్రవరి నుంచి ఈ పొద్దు దాకా నేను నా గురించి ఏడ్చాను, నీ గురించి ఏడ్చాను, బయ్యమ్మ గురించి ఏడ్చాను. ఆ పంతులమ్మ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆమె నాకు రద్దు చేసిన పేరు మాత్రమే. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, నిలబడలేని మనిషి, ఆమెను అడిగింది. తెలియదమ్మా అన్నాను. "తెలుసుకోని చెప్పు," అంది. లోపలికి పోయి పడుకుంది.

అందుకే ఇది రాస్తున్నాను. డాక్టరమ్మను అడిగి మార్చి నుంచి మీరు రద్దు చేసిన పేర్లు, ఒక్కొక్క దాని తర్వాత కొట్టిన పేర్లు, ఊళ్లతో సహా రాసి పంపు. మీ దగ్గర అయిపోయాక మిగిలిన ఆసుపత్రులకు నేనే పోయి అడుగుతాను. ఇప్పుడు నాకు ఆఫీసు లేదు, కాళ్లున్నాయి.

ముందు ఆ పంతులమ్మ పేరు రాయి. బయ్యమ్మకు జవాబు చెప్పాలి.

గురవయ్య